గడ్డం ఎత్తితేనే చదవగలిగే ప్రోగ్రెసివ్ కళ్లజోడు: షాపువాళ్లతో ఏం మాట్లాడాలి, ఎలా సరిచేయించుకోవాలి

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారికి (58 ఏళ్లు) మొదటిసారి ప్రోగ్రెసివ్ కళ్లజోడు (గీత లేకుండా దూరానికీ చదవడానికీ ఒకే లెన్సు) చేయించాం. ఫ్రేము, లెన్సులు కలిపి 14,500 రూపాయలు. అందులో 1,800 బ్లూ కట్‌కి (స్క్రీన్ల నీలి వెలుతురుని తగ్గించే లెన్సు) అన్నారు. మూడు వారాలైనా కుదరడం లేదు. పేపరు చదవాలంటే గడ్డం పైకెత్తుతున్నారు. మెట్లు దిగేటప్పుడు నేల కదిలినట్టుంది అంటున్నారు. షాపుకి మూడుసార్లు వెళ్తే ‘అలవాటైపోతుందండీ’ అని పంపేశారు. కళ్లడాక్టరు చూసి పవర్ కరెక్టే అన్నారు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. మా డబ్బు పోయినట్టేనా?

సమాధానం:

డబ్బు పోలేదమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. నేను విజయవాడలో కళ్లజోళ్ల షాపుల్లో 23 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్లు వెనకగదిలో లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించాను. ఆ తర్వాత నుంచి కౌంటర్లో కొలతలు తీస్తున్నాను. ఇలాంటి ఇబ్బందితో నెలకి ఇద్దరు ముగ్గురైనా మా దగ్గరికి వస్తారు, ఎక్కువమందికి సర్దుబాటు అవుతుంది.

మీరు రెండు ఇబ్బందులు రాశారు. షాపువాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టి ‘అలవాటవుతుంది’ అనేశారు. మెట్ల సంగతిలో వాళ్లన్నది చాలావరకు నిజమే. గడ్డం ఎత్తే సంగతిలో మాత్రం నిజం కాదు. ఈసారి వెళ్లినప్పుడు ‘కళ్లజోడు కుదరలేదు’ అని మొదలుపెట్టకండి, ఆ మాటకి వాళ్ల దగ్గర జవాబు ముందే ఉంది. గడ్డం ఎత్తాల్సి వస్తోందన్న ఒక్క మాటే పట్టుకోండి.

ఎందుకో చెప్తాను. ప్రోగ్రెసివ్ లెన్సులో పైభాగం దూరానికి, అడుగుభాగం చదవడానికి. మధ్యలో పవర్ కొద్దికొద్దిగా మారుతూ కిందికి దిగే సన్నటి దారి ఉంటుంది. ఆ దారికి రెండు పక్కలా, కింది మూలల్లో చూపు అలుక్కుపోయినట్టు ఉంటుంది. గీత లేకుండా రెండు పవర్లు కలపాలంటే ఆ మసకని ఎక్కడో ఒకచోటికి నెట్టక తప్పదు, ఎంత ఖరీదైన లెన్సులోనైనా అది కొంత ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు మనం తల వంచకుండా కళ్లు మాత్రమే దించుతాం. అప్పుడు చూపు చదివే భాగంలోంచి పోతుంది. ఆ భాగం మూరెడు దూరంలోని పేపరు కోసం చేసింది. మెట్టేమో నాలుగైదు అడుగుల దూరంలో ఉంటుంది. నేల కదిలినట్టు అనిపించేది అందుకే. నాన్నగారిని కళ్లు దించకుండా తల బాగా వంచి మెట్టు చూడమనండి. వారం, రెండు వారాల్లో చాలామందికి ఇది వచ్చేస్తుంది. అప్పటిదాకా మెట్ల దగ్గర, బండి మీద, రాత్రిపూట పాత కళ్లజోడే పెట్టుకోమనండి. ఇందులో మొహమాటపడొద్దు. ఆ వయసులో మెట్ల మీద పడితే చిన్న దెబ్బతో పోదు.

ఇక గడ్డం సంగతి. ప్రోగ్రెసివ్ చేసేటప్పుడు ప్రతి కంటికీ రెండు కొలతలు కావాలి. ముక్కు మధ్య నుంచి కంటిపాప ఎంత దూరంలో ఉంది, ఫ్రేము కింది అంచు నుంచి కంటిపాప ఎంత ఎత్తులో ఉంది. మొదటిదాన్ని మేం పిడి అంటాం, రెండోదాన్ని ఫిట్టింగ్ హైట్ అంటాం. ఆ ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ పడితే చదివే భాగం బాగా కిందికి పోతుంది. దాన్ని కంటికి ఎదురుగా తెచ్చుకోవడానికి మనిషి గడ్డం ఎత్తుతాడు. ఇది అలవాటు అయ్యేది కాదు. నెల వాడితే మెడ పట్టేస్తుంది, అంతే.

డాక్టరుగారు పవర్ కరెక్టే అన్నది కూడా నిజమే అయ్యుంటుంది. ఆయన చూసింది పవర్. ఆ పవర్ ముఖం మీద ఏ ఎత్తులో కూర్చుందన్నది వేరే కొలత, అది షాపు బాధ్యత. మీరు ఇద్దరి మధ్యా తిరుగుతున్నది ఇందుకే.

నా చేతిలోనే ఒకసారి ఇలా జరిగింది. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు నాలుగుసార్లు వచ్చారు. మొదటి రెండుసార్లు నేనూ ‘అలవాటవుతుంది మాస్టారూ’ అనే చెప్పాను. మూడోసారి కౌంటర్ మీదున్న పంచాంగం తీసి చూస్తూ, బొటనవేలితో ఫ్రేముని కొంచెం పైకి లేపి పట్టుకున్నారు. అలా పట్టుకుంటే చక్కగా చదువుతున్నారు. అప్పుడు గాని నాకు వెలగలేదు. కొలత తీసిన రోజు ఆయన ఫొటోకి కూర్చున్నట్టు గడ్డం ఎత్తి నిటారుగా కూర్చున్నారు, నేను అలాగే గుర్తు పెట్టేశాను. మళ్లీ కొలిస్తే రెండు కళ్లకీ 4 మిల్లీమీటర్లు తక్కువ. లెన్సులు మార్పించి ఇచ్చాక అదే రోజు చదివారు. ఆ పెద్దాయన్ని నెల రోజులు ఊరికే తిప్పినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు మీరు ఇంట్లోనే చేయాల్సిన పరీక్షలు చెప్తాను. నాన్నగారిని కుర్చీలో మామూలుగా కూర్చోబెట్టి పేపరు చేతికివ్వండి. తల కదపకుండా కళ్లజోడుని వేలితో మూడు మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, పైకి ఎత్తమనండి. అక్షరాలు వెంటనే తేటపడితే ఎత్తు తక్కువైనట్టే. తర్వాత ఫ్రేము వదిలేసి, గడ్డం తనకి కావాల్సినంత ఎత్తుకుని చదవమనండి. అలా ఎత్తాక మూరెడు దూరంలో హాయిగా చదివితే చదివే పవర్ సరిపోయింది, ఫిట్టింగ్ హైటే తప్పు. గడ్డం ఎత్తినా పేపరు చేయి చాచి దూరంగా పట్టుకోవాల్సి వస్తే చదివే పవర్ తక్కువైంది, అప్పుడు మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి. గడ్డం సంగతి కాకుండా తల ఒక పక్కకి తిప్పితేనే అక్షరాలు కనిపిస్తుంటే పిడి తప్పింది.

మూడో పరీక్షకి కొంచెం ఓపిక కావాలి గానీ, షాపులో మీ మాట నిలబెట్టేది ఇదే. లెన్సు మీద నోటి ఆవిరి ఊది, ట్యూబ్‌లైటు వెలుగుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఎడమా కుడీ చాలా సన్నగా చెక్కిన రెండు గుర్తులు కనిపిస్తాయి. ఎక్కువ కంపెనీల్లో అవి ఆవగింజంత వృత్తాలు, కొన్నింటిలో కంపెనీ ముద్ర. రెండింటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. చెవి వైపున్న గుర్తు కింద చదివే పవర్ అంకె ఉంటుంది. డాక్టరు చీటీలో ‘యాడ్’ అన్నచోట +2.00 ఉంటే లెన్సు మీద 20 అనో 2.0 అనో ఉండాలి. అక్కడ వేరే అంకె ఉంటే ఇక కొలతల గొడవే అక్కర్లేదు, తప్పు లెన్సే వచ్చింది.

ఆ రెండు గుర్తుల మీదా స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టండి. సరిగ్గా మధ్యలో, అంటే 17 మిల్లీమీటర్ల దగ్గర, ఇంకో చుక్క. కళ్లజోడు పెట్టుకుని నాన్నగారు మామూలుగా నిలబడి ఎదురుగోడ వైపు దూరంగా చూడాలి. మీరు ఆయన కంటి ఎత్తులోనే ఫోను పెట్టి ఫొటో తీయండి. మీరు పైనుంచో కిందినుంచో తీస్తే లెక్క తప్పుతుంది. ఫొటోలో కంటిపాప మధ్య చుక్కకి సరిగ్గా నిట్టనిలువుగా పైన ఉండాలి. పక్క చుక్కల మధ్య 34 మిల్లీమీటర్లు కదా, ఆ లెక్కన ఫొటోలో కొలవండి. ఎంత పైన అన్నది లెన్సు డిజైనుని బట్టి 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఉంటుంది, చాలావాటికి 4. నాన్నగారి కంటిపాప 8, 9 మిల్లీమీటర్లు పైకి ఉంటే లెన్సు కిందికి పడిందని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. చుక్కలు తర్వాత తడిబట్టతో తుడిచేయండి. పొడిబట్టతో రుద్దితే కోటింగ్ మీద గీతలు పడతాయి, ఆ గీతలు చూపించి వారంటీ కాదంటారు.

ఇవన్నీ చేసేముందు ఒక్క సంగతి చూడండి. ఫ్రేము ముక్కు మీద నుంచి జారుతోందా? మన కోస్తా ఉక్కపోతకి చెమటపట్టి ఫ్రేము దిగిపోవడం రోజూ చూసేదే. ఫ్రేము జారితే లెన్సు ఎంత బాగా చేసినా ఎత్తు తగ్గినట్టే. మీ ఫ్రేముకి ముక్కు దగ్గర రెండు చిన్న ప్యాడ్లు ఉంటే, వాటిని కొంచెం దగ్గరికి వంచితే ఫ్రేము రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. చెవుల వెనక వంపు బిగిస్తే జారడం ఆగుతుంది. ఐదు నిమిషాల పని, దీనికి డబ్బు తీసుకోరు. షాపులో మొదట ఇది చేయమని అడగండి. దీంతోనే తీరిపోయిన గొడవలు నేను బోలెడు చూశాను. అదే ప్యాడ్లు లేని పూర్తి ప్లాస్టిక్ ఫ్రేమయితే ఇలా ఎత్తడం కష్టం. మీరే ఇంట్లో వంచబోకండి, ప్యాడ్ కొమ్మ విరిగితే నింద మీ మీదికి వస్తుంది.

షాపుకి సాయంత్రం రద్దీలో వెళ్లకండి. పొద్దున షాపు తెరిచిన గంటలోపు, నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. కౌంటర్లో అమ్మే కుర్రాళ్లతో కాకుండా కొలతలు తీసినవాళ్లతోనో ఓనరుతోనో మాట్లాడతామనండి. నాన్నగారు వేలితో ఫ్రేము ఎత్తి చదవడం వాళ్ల కళ్ల ముందే చూపించండి. తర్వాత మీ ఆర్డరు కార్డు చూపించమనండి. దాని మీద కుడి కంటికి, ఎడమ కంటికి విడివిడిగా పిడి, హైట్ రాసి ఉండాలి. పిడి 31, 31 అనీ, హైట్ 18, 18 అనీ రెండు కళ్లకీ ఒకేలా ఉంటే కొంచెం అనుమానించాలి. మనుషుల ముఖాలు అంత సమానంగా ఉండడం తక్కువ. హైట్ గడి ఖాళీగా ఉంటే అసలు కొలవలేదన్నమాట.

అప్పుడు అడగాల్సింది డబ్బు వాపసు కాదు. కొత్త కొలతలతో లెన్సులు మళ్లీ చేయించి ఇవ్వమని అడగండి. మీ నాన్నగారి పవర్‌కి కోసిన లెన్సు ఇంకెవరికీ అమ్మలేరు, కాబట్టి డబ్బు అనగానే వాళ్లు బిగుసుకుంటారు. రీమేక్ అంటే దారి ఉంది. చాలా లెన్సు కంపెనీలు ప్రోగ్రెసివ్‌లకి నాన్-అడాప్టేషన్ వారంటీ ఇస్తాయి, అంటే వాడేవారికి కుదరకపోతే ఒకసారి లెన్సులు మార్చి ఇస్తాయి. గడువు కంపెనీని బట్టి ఉంటుంది. మీ లెన్సుకి ఆ వారంటీ ఉందో లేదో, ఎన్నాళ్లో అడగండి. ఉంటే షాపువాడికి పెద్దగా నష్టం లేదు, కాయితం రాసి పంపాలి. ఆ శ్రమకి బద్ధకించే ‘అలవాటవుతుంది’ అంటారు కొందరు. ఈ మాట మా వృత్తివాళ్లకి నచ్చకపోవచ్చు, కానీ నేను చూసింది ఇదే. లెన్సు వచ్చిన కవరు, కార్డు కూడా అడిగి తీసుకోండి. లెన్సు పేరు, పవర్, కోటింగ్ అన్నీ దాని మీదే ఉంటాయి.

ఇంటికొచ్చాక అదే రోజు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. ఇలా ఉంటే చాలు: ‘ఫలానా తేదీ, ఫలానా బిల్లు నంబరుతో మీ దగ్గర చేయించిన ప్రోగ్రెసివ్ కళ్లజోడులో చదవడానికి గడ్డం ఎత్తాల్సి వస్తోంది. ఫలానా తేదీల్లో మూడుసార్లు వచ్చి చెప్పాం. ఫిట్టింగ్ హైట్ మళ్లీ కొలిచి లెన్సులు మార్చి ఇవ్వగలరు. ఎప్పటిలోగా ఇస్తారో తెలియజేయండి.’ కోపం, బెదిరింపు ఏమీ వద్దు. తీసిన ఫొటో జత చేయండి.

ఆలస్యం మాత్రం చేయకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ‘వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూసి మీరు భయపడనక్కర్లేదు. లోపమున్న వస్తువు విషయంలో ఆ ముద్ర చట్టాన్ని మించిపోదు. మీకు ఇప్పటికే మూడు వారాలు గడిచాయి కాబట్టి ఈ వారంలోనే రాతపూర్వకంగా చెప్పండి.

వారం చూసినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకుని షాపుకి పంపుతారు. పెద్ద గొలుసు షాపులయితే తరచూ ఇక్కడే దిగొస్తాయి. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. కానీ నిజం చెప్పాలంటే అంతదాకా పోయిన కేసులు నాకు తెలిసి చాలా తక్కువ. కొలతలు చేతిలో పెట్టుకుని మాట్లాడే మనిషిని ఏ షాపువాడూ నాలుగోసారి ఊరికే పంపడు.

మీరు రాయలేదు గానీ, నాన్నగారికి షుగర్ ఉందా? ఉంటే కళ్లు పరీక్ష చేయించిన రోజుల్లో ఎంత ఉందో గుర్తు తెచ్చుకోండి. షుగర్ బాగా పెరిగినప్పుడు కంటిలోని లెన్సు ఉబ్బి పవర్ మారిపోతుంది, అదుపులోకి వచ్చాక మళ్లీ మారుతుంది. అలాంటప్పుడు రాసిన చీటీతో చేసిన కళ్లజోడు షాపు తప్పేమీ లేకుండానే కుదరదు. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాక మళ్లీ పరీక్ష చేయించాలి.

వేరే చోట లెన్సోమీటరులో పవర్ చెక్ చేయించుకోవాలనుకుంటే రెండు నిమిషాల పని, కాయితం మీద రాయించుకోండి. 0.12 దాకా తేడా మామూలే. ఇంకొకటి, చీటీలో +1.50, సిలిండర్ -0.50, యాక్సిస్ 90 అని ఉండి, మెషిన్ +1.00, సిలిండర్ +0.50, యాక్సిస్ 180 అని చూపిస్తే కంగారుపడకండి. రెండూ ఒకే పవర్‌ని రెండు రకాలుగా రాయడం. ఇది తెలియక షాపులో గొడవపడి, అసలు సమస్య పక్కకి పోయినవాళ్లున్నారు.

బ్లూ కట్ వల్ల ఈ ఇబ్బంది రాలేదు. అలాగే దానివల్ల పెద్ద మేలూ లేదు. 2023లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 పరీక్షల ఫలితాలు కలిపి చూసి, స్క్రీన్ చూసినప్పుడు వచ్చే కంటి అలసట ఈ లెన్సులతో తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదంది. మామూలు యాంటీ గ్లేర్ కోటింగ్ సరిపోతుంది. రీమేక్ చేసేటప్పుడు బ్లూ కట్ వద్దని చెప్పొచ్చు.

కొలతలన్నీ సరిచేసి, రీమేక్ కూడా అయ్యాక ఇంకో రెండు వారాల్లోనూ కుదరకపోతే ప్రోగ్రెసివ్ వదిలేయండి. అందరికీ కుదరదు, అందులో నాన్నగారి తప్పు లేదు. అదే ఫ్రేములో డి-బైఫోకల్ (కింద డి ఆకారంలో చదివే భాగం ఉండే లెన్సు) వేయించొచ్చు, గీత కనిపిస్తుందిగానీ చదివే భాగం వెడల్పుగా, స్థిరంగా ఉంటుంది. లేదా దూరానికి ఒకటి, చదవడానికి ఒకటి. రోజంతా పేపరు, పుస్తకం చదివే పెద్దవాళ్లకి నేను రెండు జతలే చెప్తాను.

రీమేక్ వచ్చిన రోజు మాత్రం తొందరపడి తెచ్చేసుకోకండి. కొత్త ప్రోగ్రెసివ్ లెన్సు మీద పసుపు రంగులోనో తెల్లగానో ముద్రించిన గుర్తులు ఉంటాయి, మధ్యలో ఒక చిన్న ప్లస్ గుర్తు. మేం కళ్లజోడు చేతికిచ్చేముందు స్పిరిట్‌తో తుడిచేస్తాం. తుడవకముందే నాన్నగారికి పెట్టి చూపించమని ముందే ఫోన్ చేసి చెప్పండి. ఆయన మామూలుగా కూర్చుని ఎదురుగా చూస్తున్నప్పుడు రెండు ప్లస్ గుర్తులూ రెండు కంటిపాపల నడిమధ్య కూర్చోవాలి. అది మీ కళ్లతో చూశాక, తుడవమనండి. అక్కడే కూర్చుని ఆ రోజు పేపరు ఒక కాలమ్ చదివించి, అప్పుడు ఇంటికి తీసుకెళ్లండి.